అమ్మ చేతి వణుకు, కుక్క ముక్కు: ఎదుటివారి మనసు మనకెలా తెలుస్తుంది?

అమ్మకు పార్కిన్సన్ వ్యాధి వచ్చి ఆరేళ్ళయింది. ఈ వ్యాధి అనగానే బయటివారికి గుర్తొచ్చేది చేతి వణుకు. ఇంట్లో ఉండేవారిని అంతకంటే ఎక్కువగా బాధపెట్టేది ముఖం మారిపోవడం. నవ్వినా, విసుక్కున్నా, భయపడినా కదలవలసిన కండరాలు కొద్దికొద్దిగా కదలడం మానేస్తాయి, కనురెప్పలు పడటం తగ్గుతుంది, చూపు ఒకేచోట నిలిచిపోయినట్టు కనిపిస్తుంది. వైద్యులు దీనిని ముసుగు ముఖం అంటారు. మెదడు లోపల డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్షీణించడం వల్ల, తలచుకుని చేసే కదలికల కంటే తలచుకోకుండా వాటంతట అవే వచ్చే కదలికలు ఎక్కువగా దెబ్బతింటాయి. ఫొటో కోసం నవ్వమంటే అమ్మ ఇప్పటికీ నవ్వగలదు. నవ్వొచ్చే మాట విన్నప్పుడు మాత్రం ఆమె ముఖం అలాగే ఉంటుంది.

కిందటి ఏడాది ఒక మధ్యాహ్నం పిన్ని మా ఇంటికి వచ్చింది. బాబాయికి గుండె ఆపరేషన్ జరిగి అప్పటికి పది రోజులు. ఆపరేషన్ గది బయట తాను గడిపిన ఆరు గంటల గురించి, మధ్యలో డాక్టరు బయటికి వచ్చి ఇంకొక సంతకం అడిగినప్పుడు తన కాళ్ళు చచ్చుబడిపోయిన తీరు గురించి, అక్కకు ఎదురుగా కూర్చుని గంటసేపు చెప్పింది. అమ్మ ఒక్క మాట అనలేదు, ముఖంలో ఒక్క గీత కదలలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర పిన్ని నా చెయ్యి పట్టుకుని, "అక్కయ్యకు ఇప్పుడు ఎవరి కష్టమూ పట్టడం లేదే" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ గంటసేపూ నేను అమ్మ పక్కనే ఉన్నాను. ఆపరేషన్ గది మాట ఎత్తినప్పటి నుంచి అమ్మ కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఒకదానితో ఒకటి రాసుకునే వేగం బాగా పెరిగింది. మనసు కలతపడినప్పుడు ఈ వణుకు ఎక్కువవుతుందని ఈ వ్యాధిని దగ్గరగా చూసినవారికి తెలుసు. పిన్ని కూడా ఆ చేతిని చూసింది, కానీ ఆమెకు అందులో జబ్బు మాత్రమే కనిపించింది. గది మూలన పడుకుని ఉన్న మా కుక్క మాత్రం లేచి వచ్చి, అమ్మ మోకాలి మీద గడ్డం ఆనించి నిలబడింది.

తోడబుట్టిన చెల్లెలు పోల్చుకోలేకపోయిన కలతను ఒక కుక్క ఎలా పోల్చుకుంది? అసలు పోల్చుకుందా, లేక అది వచ్చిన వేళను బట్టి నేనే అలా అనుకున్నానా? ఆ రోజు మొదలైన ఈ ప్రశ్న నన్ను ఏడాదిగా వదలలేదు. ఆ ప్రశ్న వెంట చదువుకున్నదీ, చదువుతూ ఇంట్లో గమనించినదీ కలిపి ఇక్కడ రాసుకుంటున్నాను.

ఎదుటివారి ఉద్వేగం మనకు ముఖంలో తెలుస్తుందన్నది అందరి నమ్మకం. ముఖం వాడిపోవడం, ముఖం మాడ్చుకోవడం, ముఖం చిన్నబుచ్చుకోవడం, ముఖం వెలిగిపోవడం వంటి మాటలను బట్టి చూస్తే మన భాషదీ అదే నమ్మకం. ఈ నమ్మకాన్ని శాస్త్రీయంగా పరీక్షించాలన్న ప్రయత్నాలలో తొలినాటిది ఫ్రాన్సులో జరిగింది. గియోమ్ డ్యుషెన్ అనే వైద్యుడు ముఖ కండరాలను విద్యుత్తుతో ఒక్కొక్కటిగా కదిలించి, ఆ రూపాలను ఫొటోలు తీయించి 1862లో ప్రచురించాడు. పెదవుల కొసలను పైకి లాగే కండరాన్ని మనిషి కావాలని కదిలించగలడనీ, కంటి చుట్టూ ఉండే వలయాకారపు కండరం మాత్రం నిజమైన సంతోషానికే స్పందిస్తుందనీ ఆయన గమనించాడు. ఆ రెండో కండరాన్ని కూడా కావాలని కదిలించగలవారు చాలామందే ఉన్నారని తరువాతి పరిశోధనలు చూపించినా, కళ్ళు కూడా కలిసిన నవ్వును నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఆ ఫొటోలనే చార్లెస్ డార్విన్ మరొక విధంగా వాడుకున్నాడు. మనుషులలో, జంతువులలో ఉద్వేగాలు వ్యక్తమయ్యే తీరు గురించి 1872లో వెలువడిన గ్రంథం కోసం, వాటిలో కొన్నింటిని ఏ వివరణా లేకుండా ఇరవై మందికి పైగా చూపించి, ఇందులో కనిపించే భావం ఏమిటని అడిగాడు. కొన్ని ఫొటోల విషయంలో దాదాపు అందరూ ఒకే జవాబు చెప్పారు. మరికొన్నింటికి తలా ఒక జవాబు చెప్పారు. ఈ సందర్భంలో డార్విన్ ఒప్పుకున్న ఒక విషయం నాకు ఆ గ్రంథంలోని పెద్ద సిద్ధాంతాల కంటే విలువైనదిగా తోచింది. డ్యుషెన్ రాసిన వివరణ చదువుతూ ఫొటోలు చూసినప్పుడు దాదాపు అన్నీ తనకు ఎంతో సహజంగా కనిపించాయనీ, ఆ వివరణ లేకుండా చూసి ఉంటే తాను కూడా మిగతావారిలాగే తికమకపడి ఉండేవాడిననీ ఆయన రాశాడు. ఏమి చూడబోతున్నామో ముందే తెలిస్తే కంటికి అదే కనిపిస్తుందన్న సంగతిని తన మీద తానే పట్టుకున్న మనిషి ఆయన.

ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో ఈ విషయం మీద ఎక్కువగా వినిపించిన పేరు మనస్తత్వవేత్త పాల్ ఎక్‌మన్‌ది. 1960ల చివర ఆయన పాపువా న్యూ గినీ కొండలలో, బయటి ప్రపంచంతో అంతగా సంబంధం లేని ఫోరే ప్రజల దగ్గరికి వెళ్ళి, చిన్న చిన్న సంఘటనలను కథలుగా చెప్పించి, ఆ కథకు తగిన ముఖం ఏదో ఫొటోలలో చూపించమని అడిగాడు. సంతోషం, దుఃఖం, కోపం, ఏవగింపు విషయంలో వారి ఎంపిక దూరదేశాల వారి ఎంపికతో కలిసింది. భయాన్నీ ఆశ్చర్యాన్నీ మాత్రం వారు విడదీయలేదు. కొన్ని మూల ఉద్వేగాలు మానవజాతి అంతటికీ ఒక్కటేననీ, వాటి ముఖరూపాలు కూడా ఒక్కటేననీ చెప్పే వాదానికి ఈ పరిశోధన పునాది అయింది.

ఆ వాదం ఇప్పుడు అంత నిశ్చింతగా లేదు. అదే పాపువా న్యూ గినీకి చెందిన ట్రోబ్రియాండ్ దీవులలో కార్లోస్ క్రివెల్లీ బృందం పనిచేసి 2016లో ప్రచురించిన ఫలితం ఆలోచనలో పడేస్తుంది. విచ్చుకున్న కళ్ళు, తెరుచుకున్న నోరు ఉన్న ముఖాన్ని చూపిస్తే భయపడుతున్న మనిషి అని మనం వెంటనే అంటాము. అక్కడి యువతీయువకులు అదే ముఖాన్ని ఎదుటివారిని బెదిరిస్తున్న మనిషి ముఖంగా చూశారు. భయపడేవాడికీ భయపెట్టేవాడికీ ఒకే ముఖం సరిపోతే, ముఖం ఒక్కటే చూసి మనం చెప్పే జవాబులో ముఖం వాటా ఎంత, మనం వెంట తెచ్చుకున్న అలవాటు వాటా ఎంత?

దీనికంటే నన్ను ఎక్కువగా కదిలించినది టెన్నిస్ ఆటగాళ్ళతో చేసిన ప్రయోగం. హిల్లెల్ అవీజర్, యాకోవ్ త్రోప్, అలెగ్జాండర్ టొడొరోవ్ కలిసి 2012లో దీనిని ప్రచురించారు. కీలకమైన పాయింటు గెలిచిన క్షణంలో, ఓడిన క్షణంలో తీసిన ఆటగాళ్ళ ఫొటోలను తీసుకుని, కొందరికి ముఖం మాత్రమే, కొందరికి ముఖం తీసేసిన శరీరం మాత్రమే, కొందరికి రెండూ చూపించారు. శరీరాన్ని చూసినవారు ఎవరు గెలిచారో ఎవరు ఓడారో చెప్పగలిగారు. ముఖం మాత్రమే చూసినవారు చెప్పలేకపోయారు. గెలిచిన మనిషి శరీరం మీద ఓడిన మనిషి ముఖాన్ని అతికించినప్పుడు, చూసేవారు ఆ ముఖంలోనే గెలుపు సంతోషాన్ని చూశారు. అసలు విశేషం ఏమిటంటే, శరీరాన్నీ ముఖాన్నీ కలిపి చూసినవారు తమకు ఆ సంగతి ముఖం వల్లనే తెలిసిందని అనుకున్నారు. తీవ్రమైన సంతోషం, తీవ్రమైన బాధ ముఖాన్ని దాదాపు ఒకేలా మెలిపెడతాయి. ఏది ఏదో శరీరం చెబుతుంది. ఆ ఘనతను మాత్రం మనం ముఖానికి కట్టబెడతాము. పిన్ని ఆ రోజు గంటసేపు చూసింది అమ్మ ముఖాన్నే. ఆమె స్థానంలో ఎవరున్నా అదే చేసి ఉండేవారు.

మన అలంకార శాస్త్రం చెప్పే సాత్త్విక భావాల జాబితాను ఈ దృష్టితో మళ్ళీ చూసుకున్నాను. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. అంటే కొయ్యబారిపోవడం, చెమట పట్టడం, ఒళ్ళు గగుర్పొడవడం, గొంతు మారిపోవడం, వణకడం, రంగు మారడం, కన్నీరు, స్పృహ తప్పడం. మనసు నిజంగా కదిలితే తప్ప తెచ్చిపెట్టుకోలేనివిగా చెప్పిన ఈ ఎనిమిదింటిలో కనుబొమలూ పెదవులూ కదిలే తీరు ఒక్కటి కూడా లేదు. వేపథువు ఉంది.

ముఖం బొత్తిగా పనికిరానిదని నేను అనడం లేదు. ముఖాన్ని చూడటం కూడా ఒక పని అనీ, ఎక్కడ చూడాలో మెదడు నేర్పుగా ఎంచుకుంటుందనీ చూపించిన ఒక ఉదంతం ఉంది. వైద్య సాహిత్యంలో ఎస్.ఎం. అనే పొడి అక్షరాలతో మాత్రమే పేర్కొనే ఒక మహిళకు, అరుదైన జన్యువ్యాధి వల్ల మెదడులో రెండువైపులా అమిగ్డలా అనే భాగం దెబ్బతింది. రాల్ఫ్ అడాల్ఫ్స్, డామసియో దంపతులు తదితరులు 1994లో ప్రచురించిన వివరాల ప్రకారం, ఆమె మనుషులను గుర్తుపట్టగలదు, ముఖంలో సంతోషాన్ని పోల్చుకోగలదు, భయాన్ని మాత్రం పోల్చుకోలేదు. అమిగ్డలా భయాన్ని గుర్తించే కేంద్రమని అప్పట్లో చాలామంది అనుకున్నారు. పదకొండేళ్ళ తరువాత, 2005లో, అడాల్ఫ్స్ బృందమే దీనికి ఊహించని సవరణ చేసింది. ఆమె చూపు ముఖం మీద ఎక్కడెక్కడ తిరుగుతున్నదో కొలిచి చూస్తే, ఆమె కళ్ళ వైపు చూడటమే లేదని తేలింది. భయం ఎక్కువగా తెలిసేది విచ్చుకున్న కళ్ళలో. కళ్ళ వైపు చూడమని చెప్పగానే ఆమె భయాన్ని మామూలు మనుషులలాగే పోల్చుకుంది. అయితే ఆ మాట చెప్పడం ఆపేసిన తరువాత ఆమె చూపు మళ్ళీ పాత దారికే వెళ్ళిపోయింది. ఆమెలో లోపించినది తెలివి కాదు, ముఖ్యమైన చోటికి చూపు దానంతట అది వెళ్ళడం. ఈ ఉదంతం చదివిన రోజే నేను పిన్నికి ఫోను చేయాలని అనుకున్నాను.

ఎదుటివారి భావం మనలోకి ఎలా వస్తుందన్న ప్రశ్నకు చాలాకాలంగా వినిపించే జవాబు అనుకరణ. ఎవరైనా నవ్వితే మన పెదవులు, ఎవరైనా ముఖం చిట్లిస్తే మన కనుబొమలు మనకు తెలియకుండానే రవ్వంత కదులుతాయని, స్వీడన్‌లో ఉల్ఫ్ డిమ్‌బెర్గ్ ముఖ కండరాల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి 1980లలోనే చూపించాడు. మన ముఖం ఆ రూపం తీసుకోవడం వల్లనే ఆ భావం మనకు అందుతుందని కొందరు దీనిని మరింత ముందుకు తీసుకువెళ్ళారు. కానీ మోబియస్ సిండ్రోమ్‌తో పుట్టినవారికి ముఖ కండరాలు కదలవు. వారు జన్మలో ఎవరి నవ్వునూ తమ ముఖంతో అనుకరించి ఉండరు. అటువంటివారిని క్యాథలీన్ బోగార్ట్, డేవిడ్ మత్సుమోటో పరీక్షించి, ఎదుటివారి ముఖాలలో ఉద్వేగాలను పోల్చుకోవడంలో వారు ఇతరులకు తీసిపోలేదని 2010లో తెలిపారు. అనుకరణ సాయపడవచ్చు, కానీ అదొక్కటే దారి అయితే వారికి ఆ దారి ఎప్పుడో మూసుకుపోయి ఉండాలి.

కదలని ముఖం చూసేవారిని ఎంత కలవరపెడుతుందో ఎడ్వర్డ్ ట్రానిక్ 1970లలో పసిపిల్లలతో చేసిన ప్రయోగం చూపిస్తుంది. బిడ్డతో హాయిగా ఆడుతున్న తల్లి, కొద్ది నిమిషాలపాటు ఏ భావమూ లేని ముఖంతో ఊరక చూస్తూ ఉండాలి. బిడ్డ మొదట నవ్వుతుంది, చేతులు చాపుతుంది, కేకలు వేస్తుంది. ఏదీ ఫలించకపోతే చూపు తిప్పేసుకుంటుంది, కుంగిపోతుంది. పార్కిన్సన్ రోగుల ముందు కూర్చున్న పెద్దవారు కూడా ఇదే చేస్తారు. మొదట గొంతు పెంచుతారు, ఆ తరువాత కబుర్లు తగ్గిస్తారు, చివరికి రోగితో మాట్లాడవలసినది పక్కన ఉన్నవారితో మాట్లాడతారు. ఆసుపత్రిలో ఒక డాక్టరు అమ్మ ఎదురుగానే, "ఆవిడకు ఆసక్తి తగ్గిందా?" అని నన్ను అడిగారు. ఆమె చేతి వైపు చూస్తూ నేను జవాబు చెప్పలేకపోయాను.

పసిపిల్లల విషయంలోనే మరొక ప్రయోగం చెప్పుకోవాలి. ఏడాది వయసు పిల్లలను గాజుపలక మీద పాకనిస్తారు. ఒకచోట గాజు కింద మెట్టులా కొంచెం లోతు కనిపిస్తుంది. దాటాలా వద్దా అన్న సందిగ్ధంలో బిడ్డ ఎదురుగా ఉన్న తల్లి ముఖం చూస్తుంది. 1985లో ప్రచురితమైన ఫలితాలలో, తల్లి సంతోషంగా కనిపించినప్పుడు 19 మందిలో 14 మంది దాటారు; తల్లి భయం చూపినప్పుడు 17 మందిలో ఒక్కరూ దాటలేదు. ఆ వయసులో బిడ్డ తల్లి ముఖాన్ని చూసేది తల్లి గురించి తెలుసుకోవడానికి మాత్రమే కాదు, తన కాలి కింద ఏముందో తెలుసుకోవడానికి కూడా. ఎదుటివారి ఉద్వేగాన్ని కనిపెట్టే శక్తి జీవులలో ఇంత విస్తారంగా ఎందుకుందో దీని వల్ల నాకు అర్థమైంది. పక్కనున్న ప్రాణి భయపడిందంటే ప్రమాదం ఎక్కడో దగ్గరలోనే ఉందని లెక్క. చేపలు సైతం ఈ లెక్క వేసుకుంటాయి. గాయపడిన చేప చర్మం నుంచి వెలువడే పదార్థం తక్కిన చేపలను బెదరగొడుతుందని కార్ల్ ఫన్ ఫ్రిష్ 1938లోనే రాశాడు. ఒక చేప బెదురు చూసి మరొక చేప బెదరడానికి ఆక్సిటోసిన్ అవసరమని జీబ్రాఫిష్ మీద జరిగిన పరిశోధన 2023లో చూపించింది. తల్లీబిడ్డల అనుబంధం గురించి మాట్లాడేటప్పుడు మనం వినే హార్మోనే ఇది.

గొంతు విషయానికి వస్తే జాతుల మధ్య గోడలు మరింత పలచబడతాయి. పియెరా ఫిలిప్పి బృందం 2017లో ప్రచురించిన అధ్యయనంలో, కప్ప, మొసలి, పక్షులు, పంది, పాండా, ఏనుగు, కోతి, మనిషి మొదలైన తొమ్మిది జాతుల అరుపులను మనుషులకు వినిపించి, రెండింటిలో ఏది ఎక్కువ ఉద్రేకంలో ఉన్న ప్రాణి అరుపో చెప్పమన్నారు. ఇంగ్లీషు, జర్మన్, చైనీస్ మాతృభాషలుగా గలవారు అన్ని జాతుల విషయంలోనూ దానిని పోల్చగలిగారు. మొసలితో ఎన్నడూ పరిచయం లేని మనిషికి కూడా మొసలి గొంతులోని ఉద్రేకం తెలిసిందంటే, ఉద్రేకం ఊపిరితిత్తుల మీద, గొంతు కండరాల మీద చేసే పని ఆ జాతులన్నింటిలో ఒకే పోలికలో ఉండటమే అందుకు కారణం కావాలి. అయితే వారు పోల్చినది ఉద్రేకపు తీవ్రతను. ఆ ఉద్రేకం భయమా, కోపమా, ఆత్రమా అన్నది వేరే ప్రశ్న. ఈ తేడాను పట్టుకోవడమే ఈ విషయమంతటికీ కీలకమని నాకు క్రమంగా అనిపించసాగింది. లోపల ఏదో జరుగుతున్నదని తెలియడం ఒకటి, ఏమి జరుగుతున్నదో, ఎందుకు జరుగుతున్నదో తెలియడం మరొకటి. మొదటిది చాలా పాతది, చాలా జీవులలో ఉన్నది. తప్పులు ఎక్కువగా జరిగేది రెండోదానిలో.

జంతువులలో మొదటిది ఎంత సూక్ష్మంగా ఉంటుందో చూపే ఉదంతాలలో బెర్లిన్‌లోని హన్స్ అనే గుర్రానిది ముందు చెప్పుకోదగ్గది. విల్‌హెల్మ్ ఫన్ ఓస్టెన్ అనే విశ్రాంత ఉపాధ్యాయుడు పెంచిన ఆ గుర్రం కూడికలకూ తీసివేతలకూ డెక్కతో నేల మీద తట్టి జవాబు చెప్పేది. ఆస్కర్ ఫుంగ్‌స్ట్ ఓపికగా పరీక్షించి 1907లో అసలు సంగతి బయటపెట్టాడు. అడిగిన మనిషికి జవాబు తెలియకపోయినా, అతడు గుర్రానికి కనిపించకపోయినా హన్స్ తప్పు చెప్పేది. సరైన అంకె దగ్గరపడేకొద్దీ అడిగేవారిలో ఉత్కంఠ పెరిగి, ఆ అంకె రాగానే అది సడలి, తల రవ్వంత పైకి లేచేది. ఆ కదలికను చూసి గుర్రం తట్టడం ఆపేసేది. రహస్యం తెలిసిన తరువాత కూడా ఫుంగ్‌స్ట్ తన తల కదలికను పూర్తిగా ఆపుకోలేకపోయాడు. ఈ కథను సాధారణంగా జంతువుల తెలివిని ఎక్కువగా అంచనా వేయవద్దన్న హెచ్చరికగా చెబుతారు. నాకు మాత్రం ఇది ఎదుటిమనిషిలో ఉత్కంఠ సడలిన క్షణాన్ని, ఆ మనిషికే తెలియకముందు గమనించిన ప్రాణి కథగా కనిపిస్తుంది. అక్కడ గుమిగూడిన మనుషులలో ఆ నేర్పు ఎవరికీ లేకపోయింది.

ఇటీవలి కాలంలో గుర్రాల మీద సస్సెక్స్ విశ్వవిద్యాలయంలో పద్ధతిగా పరిశోధనలు జరిగాయి. కోపంగా ఉన్న మనిషి ముఖం ఫొటోలో చూపిస్తే గుర్రాలు దానిని ఎక్కువగా ఎడమకంటితో చూశాయనీ, వాటి గుండె వేగం త్వరగా పెరిగిందనీ 2016లో 28 గుర్రాల మీద తేలింది. ఎడమకంటి సమాచారం ప్రధానంగా చేరేది మెదడు కుడి అర్ధభాగానికి, అది ముప్పును గమనించడంతో ముడిపడిన భాగం. 2018లో వెలువడిన అధ్యయనంలో, ఒక మనిషి కోపంగానో నవ్వుతూనో ఉన్న ఫొటోను గుర్రానికి చూపించి, కొన్ని గంటల తరువాత ఆ మనిషినే ఏ భావమూ లేని ముఖంతో దాని ముందుకు పంపారు. గుర్రం తన ఏ ఫొటో చూసిందో ఆ మనిషికి చెప్పలేదు. ఉదయం కోపంగా కనిపించిన మనిషి పట్ల గుర్రాలు మధ్యాహ్నం కూడా జాగ్రత్తగానే ఉన్నాయి.

కుక్కల గురించి చెప్పడానికి చాలా ఉంది. మనిషి ముఖంలో సగం మాత్రమే చూపించి సంతోషానికీ కోపానికీ తేడా నేర్పిస్తే, ఎన్నడూ చూడని మనుషుల ముఖాలలోనూ, ముఖం రెండో సగంలోనూ అవి ఆ తేడాను పోల్చుకుంటాయని వియన్నాలో 2015లో కనుగొన్నారు. 2016లో మరొక బృందం 17 కుక్కలతో పరీక్షించి, అవి వినిపించే గొంతులోని భావానికీ కనిపించే ముఖంలోని భావానికీ పొంతన కుదిరిన చోట ఎక్కువసేపు చూస్తాయని చెప్పింది. డెబొరా కస్టన్స్, జెనిఫర్ మేయర్ 2012లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక మనిషి ఏడుస్తున్నట్టు నటించినప్పుడు 18 కుక్కలలో 15 ఆ మనిషి దగ్గరికి వెళ్ళాయి, యజమాని కాకపోయినా వెళ్ళాయి. కూనిరాగం తీసినప్పుడు అలా జరగలేదు.

ఇక ముక్కు. తెలుగులో ఇతరుల మనసులో ఉన్నదానిని కనిపెట్టడాన్ని పసిగట్టడం అంటాము. ఆ మాటలోని పసికి వాసన అని అర్థం. వాసన పట్టడమే ఆ మాటకు మూలం. మనుషులు కవితాత్మకంగా చేసే పనిని కుక్కలు అక్షరాలా చేస్తున్నాయి. బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో మనుషులకు కష్టమైన లెక్క ఇచ్చి, అంతకుముందూ ఆ తరువాతా వారి చెమటనూ శ్వాసనూ సేకరించి, శిక్షణ పొందిన నాలుగు కుక్కలకు వాసన చూపించారు. ఒకే మనిషి ప్రశాంతంగా ఉన్నప్పటి వాసనకూ ఒత్తిడిలో ఉన్నప్పటి వాసనకూ తేడాను అవి 93.75 శాతం సార్లు సరిగ్గా పట్టుకున్నాయని 2022లో ప్రచురించారు. భయం కలిగించే వీడియో చూసినవారి చెమట వాసన చూసిన కుక్కలు తామే ఒత్తిడికి లోనై, కొత్త మనిషికి దూరంగా, యజమానికి దగ్గరగా జరిగాయని అంతకుముందు 2018లో ఇటలీ పరిశోధకులు చెప్పారు. మా కుక్క ఆ మధ్యాహ్నం గది మూల నుంచి లేచి వచ్చినప్పుడు దానికి అమ్మ ముఖంతో పనిలేదు. ముఖం కదలకపోవడం మనుషుల చూపును మూసివేసింది, కుక్క దారిని మూయలేదు. ఇంత దూరం వరకూ నేను నమ్మగలను. అమ్మ దుఃఖపడుతున్నదని దానికి తెలిసిందా, లేక ఆమె వాసనలో వచ్చిన మార్పుకు తానే కలతపడి తెలిసిన మనిషిని ఆనుకుని నిలబడిందా అంటే, రెండోది కూడా ఆ దృశ్యానికి సరిపోతుంది.

ఈ జాగ్రత్త అవసరమని నాకు నేర్పినది అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో 14 కుక్కలతో చేసిన ప్రయోగం. తప్పు చేసిన కుక్క తల దించుకుని, చెవులు వెనక్కి వాల్చి, ఓరగా చూస్తూ దొంగమొహం పెడుతుందని కుక్కలను పెంచేవారందరూ చెబుతారు. తినవద్దని చెప్పి యజమాని గదిలోంచి వెళ్ళిపోతాడు. తిరిగివచ్చిన తరువాత, కుక్క నిజంగా తిన్నదా లేదా అన్నదానితో సంబంధం లేకుండా, తిన్నదనో తినలేదనో అతడికి చెబుతారు. కుక్క ఆ ముఖం పెట్టడానికీ అది తప్పు చేయడానికీ సంబంధం కనిపించలేదు, యజమాని మందలించడానికే సంబంధం కనిపించింది. ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్న కుక్కలే ఆ ముఖం ఎక్కువగా పెట్టాయి. ఇక్కడ యజమాని కోపాన్ని కుక్క సరిగ్గానే చదివింది. కుక్క బెదురును పశ్చాత్తాపంగా తప్పు చదివినది మనిషి.

మనిషి చేసే ఇటువంటి పొరపాట్లు కొన్నిసార్లు ప్రమాదకరం కూడా. చాలా జాతుల కోతులలో పళ్ళు బయటపెట్టడం లొంగుబాటుకో బెదురుకో గుర్తు. మనకు అది నవ్వులా కనిపిస్తుంది. బార్బరీ కోతుల ముఖాలను జనానికి చూపించి చేసిన ఒక అధ్యయనం 2017లో వెలువడింది. కోతులతో పరిచయం లేనివారు బెదిరింపు ముఖాన్ని కొన్నిసార్లు స్నేహభావంగానో మామూలు ముఖంగానో పొరబడ్డారు. ఆ కోతులతో పనిచేసిన అనుభవం ఉన్నవారు తక్కువ తప్పులు చేశారు.

పరిచయం అన్న ఈ మాట దగ్గర ఎలుకల గురించి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. మీట నొక్కితే తనకు తిండి వస్తుంది, కానీ పక్క ఎలుకకు విద్యుత్ షాక్ తగులుతుంది అన్న పరిస్థితిలో ఎలుకలు మీట నొక్కడం తగ్గించాయని రస్సెల్ చర్చ్ 1959లోనే రాశాడు. ఇన్బల్ బెన్-అమి బార్తాల్, జాన్ డెసెటీ, పెగ్గీ మేసన్ 2011లో మరొక అడుగు ముందుకు వేశారు. ఇరుకు గొట్టంలో చిక్కుకున్న తోటి ఎలుకను చూసిన ఎలుకలు, ఎవరూ నేర్పకుండానే గొట్టం తలుపు తెరవడం నేర్చుకున్నాయి. 2014లో వారు చెప్పినది మరింత లోతైనది. ఎలుక తన జాతి రకానికి చెందిన కొత్త ఎలుకలను విడిపిస్తుంది, ఎన్నడూ కలిసి బతకని వేరే రకం ఎలుకలను విడిపించదు. పుట్టినప్పటి నుంచి వేరే రకం ఎలుకల మధ్యే పెరిగితే, ఆ రకానికి చెందిన కొత్త ఎలుకలను విడిపిస్తుంది, తన సొంత రకాన్ని మాత్రం విడిపించదు. తాను ఏ రకమో ఎలుకకు పుట్టుకతో తెలియదు; ఎవరి మధ్య పెరిగిందో వారి బాధే దానికి అందుతుంది. ఈ ఫలితాన్ని మనుషులకు నేరుగా అంటగట్టడం తొందరపాటని తెలిసినా, నేను దీనిని చాలాసార్లు మళ్ళీ మళ్ళీ చదివాను.

నేను పిన్నికి ఫోను చేసి అమ్మ చేతి గురించి చెప్పాను. మొదటిసారి వచ్చి వెళ్ళిన రెండు నెలలకు బాబాయిని వెంటబెట్టుకుని ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి ఎదురుగా కూర్చోలేదు. అక్క పక్కన కూర్చుని, వణికే ఆ కుడిచేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని మాట్లాడింది. మధ్యమధ్య మాట ఆపేసి ఊరుకునేది. చేతిలో వణుకు నెమ్మదించే వరకూ ఆగి, మళ్ళీ మొదలుపెట్టేది. కుక్క ఆ గంటసేపూ మూల నుంచి లేవలేదు.

వారు వెళ్ళిన తరువాత, రాత్రి మందులు వేస్తుంటే, అమ్మ తన సన్నబడిన గొంతుతో నన్ను అడిగింది. "చెల్లికి నా మీద కోపం పోయినట్టేనా?"

కోపమేమిటని అడిగాను. ఆ మొదటి రోజు పిన్ని గుమ్మం దగ్గర ముఖం పక్కకు తిప్పుకుని, ఎర్రబడిన కళ్ళతో నాతో ఏదో చెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోవడం అమ్మ తన కుర్చీలోంచి చూసింది. దానిని కోపం అనుకుంది. ఈ వ్యాధి తమ ముఖాన్ని కదలనివ్వకపోవడమే కాక, ఎదుటివారి ముఖాలను చదవడాన్ని కూడా కొందరిలో మందగింపజేస్తుందని నేను అంతకుముందే చదివి ఉన్నాను. రెండు నెలలపాటు ఆమె ఆ మాటను లోపలే పెట్టుకుంది. ఆ రెండు నెలలూ నేను ఆమె చేతిని రోజూ చూస్తూనే ఉన్నాను, వణుకు కొంచెం ఎక్కువైందని డాక్టరుకు చెప్పి మందు మోతాదు కూడా మార్పించాను.